మెదడులోని జాడ, మనిషిలోని నిశ్చయము



ఎదుటివాడు ఏమి చేయబోవునో ముందుగా తెలిసికొనవలెనను కోరిక మానవునకు క్రొత్తది కాదు. పశువుల సంతలో దలారి తుండుగుడ్డ క్రింద వ్రేళ్ళు పట్టి ధర చెప్పుచు, కొనువాని ముఖమువంకనే చూచుచుండును. నోరు వలదనుచున్నను చూపు కోడెదూడను విడువకున్నచో బేరము కుదురునని వాడెరుగును. పంచాయతికి కూర్చున్న పెద్ద, కక్షిదారుడు నోరు విప్పకమున్నే వాడు రాజీకి వచ్చునో రాడో పోల్చుకొనును. పొగను చూచి నిప్పును ఊహించునట్లు, పైకి కనబడు గుర్తునుబట్టి లోపల దాగిన నిశ్చయమును ఊహించుటయే ఇది. తార్కికులు దీనినే అనుమానప్రమాణమనిరి.

నేడీ ఊహను యంత్రములు చేయుచున్నవని వినుచున్నాము. మెదడులో పుట్టు విద్యుత్తును, మెదడునకు పారు రక్తమును కొలిచి, ఒక మనుష్యుడు కుడిచేయి కదల్చునో యెడమచేయి కదల్చునో, వస్తువును కొనునో మానునో, వాడు చెప్పకమున్నే చెప్పవచ్చునని శాస్త్రజ్ఞులు ప్రకటించియున్నారు. ఈ మాట విని కొందరు, "మన తలపులకు మనమే యజమానులము కామా? అట్లయినచో చేసిన తప్పునకు మనిషిని నిందించుట యెట్లు?" అని కలవరపడుచున్నారు. మరికొందరు ఇదంతయు బూటకమని త్రోసివేయుచున్నారు. రెండును తొందరపాటే. తగవులు తీర్చు పెద్దలకు ఒకని ఉద్దేశమును గూర్చి నిర్ణయించుట తరచుగా తటస్థపడు పని. కావున ఈ విషయము నెరిగియుండుట మీకు మిక్కిలి అవసరము. నేటి ప్రసంగములో మూడు సంగతులు విన్నవించెదను. యంత్రము నిజముగా చూచునది యేమి? దాని జోస్యము ఎంతవరకు ఫలించుచున్నది? దానివలన మనిషి బాధ్యతకు భంగము కలదా?

మొదట యంత్రము సంగతి.

పెద్దవాని మెదడు బరువు ఇంచుమించు 1,400 గ్రాములు. అది శరీరము బరువులో నూటికి 2 పాళ్ళు మాత్రమే. అయినను, మనము ఊరక కూర్చున్నప్పుడు దేహము వ్యయపరచు శక్తిలో నూటికి 20 పాళ్ళు దానికే చెల్లుచుండును. అందు సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. ఒక్కొక్క కణము తక్కిన కణములకు స్వల్పమైన విద్యుత్తు మూలమున వార్త నందించుచుండును. ఒక కణము చేయు సద్దు బయటికి వినరాదు గాని, లక్షలకొలది కణములు ఒక్కమారుగా పలికినచో, సంత సద్దు ఊరి పొలిమేరకు వినవచ్చునట్లు, ఆ విద్యుత్తు తలపైకి లీలగా తెలియును. జర్మనీ దేశమున యేనా నగరములో హాన్స్ బెర్గర్ అను వైద్యుడు 1924లో మనుష్యుని తలకు తీగెలు తగిలించి ఆ అలలను మొట్టమొదటిసారిగా గీయించి, 1929లో లోకమునకు వెల్లడించెను. నేడు ఆస్పత్రులలో మూర్ఛరోగులకు చేయు ఇ.ఇ.జి. పరీక్ష అదియే.

రెండవ మార్గము రక్తమును గమనించుట. ఇటలీలోని టూరిన్ నగరమున ఆంజెలో మోసో అను పండితుడు 1880 తరువాతి సంవత్సరములలో ఒక వింతయైన త్రాసును నిర్మించెను. మనిషిని బల్లపై పరుండబెట్టి, బల్లను నడిమి ఇరుసుపై సరితూగునట్లు నిలిపి, వానిచేత లెక్కలు చేయించుట, పుస్తకము చదివించుట మొదలగు పనులు చేయించెను. ఆలోచించునప్పుడు మెదడునకు రక్తము ఎక్కువగా పోవును గావున తలవైపు మ్రొగ్గునని అతని సిద్ధాంతము. త్రాసు మోటుదే గాని తలపు చక్కనిది. దాదాపు నూరేండ్లు గడచినపిమ్మట, 1990లో, సీజీ ఒగావా అను జపాను శాస్త్రజ్ఞుడు అమెరికాలో పనిచేయుచు, రక్తములోని ప్రాణవాయువు హెచ్చుతగ్గులనుబట్టి ఎం.ఆర్.ఐ. చిత్రము మారునని కనిపెట్టెను. రక్తములో ఇనుము కలదు గదా! ప్రాణవాయువుతో కూడియున్నప్పుడు ఆ రక్తము అయస్కాంతమునకు ఒక విధముగను, దానిని విడిచినప్పుడు మరియొక విధముగను లోబడును. ఆ భేదమును పెద్ద అయస్కాంతముగల యంత్రము పసిగట్టును. 1992 నాటికి ఈ పద్ధతి మనుష్యులయందు ప్రయోగింపబడెను.

కాలువక్రింద సేద్యము చేయువారికి దీనిని బోధపరచుట సులభము. ఏ మడికి నీరు పారుచున్నదో గట్టుపైనుండి చూచినవాడు, రైతు ఏ మడిని తడుపుచున్నాడో చెప్పగలడు. అట్లే మెదడులో ఏ భాగమునకు రక్తము పారుచున్నదో చూచి, ఏ భాగము పనిచేయుచున్నదో చెప్పవచ్చును. కాని మడవ తీసినంతనే చివరి మొక్క తడియదు. మెదడులో పని జరిగిన తరువాత రక్తప్రవాహము నిండుగా తెలియుటకు 5, 6 సెకనులు పట్టును. మరియు యంత్రము ఒక్కొక్క కణమును చూడదు. జొన్నగింజయంత చోటును ఒక్క చుక్కగా చూచును. ఆ చుక్కలో లక్షలకొలది కణములుండును. కొండమీదినుండి రాత్రివేళ ఊరిని చూచువానికి ఏ వీధిలో దీపములు వెలుగుచున్నవో తెలియును గాని, ఆ యిండ్లలో ఏమి మాటలాడుకొనుచున్నారో తెలియదు. యంత్రము చూపును ఇంతటిదే.

మరి జోస్యమెట్లు చెప్పును? పూర్వము వందలకొలది దస్తావేజులు చూచిన కరణము, సంతకము లేకున్నను దస్తూరినిబట్టి వ్రాసినవానిని పోల్చెడివాడు. కంప్యూటరు చేయునదియు అట్టిదే. ఒక మనుష్యుని చేత ఒకే పని అనేక పర్యాయములు చేయించి, ప్రతిసారియు మెదడు చిత్రమును తీసి, "ఇప్పుడు కుడి, ఇప్పుడు ఎడమ" అని కంప్యూటరునకు ముందుగా చూపుదురు. అది ఆ పోలికలను నేర్చుకొనును. తరువాత క్రొత్త చిత్రమును చూపి, ఇది కుడియా, ఎడమయా అని అడుగుదురు. ఇందుకు ఆ మనుష్యుడు ఇరుకైన గొట్టమువంటి యంత్రములో చాలసేపు కదలక మెదలక పరుండి యుండవలెను. తల కొంచెము కదలినను చిత్రము చెడును. కావున దారిన పోవువాని తలపులను ఎవరో చాటుననుండి ఎం.ఆర్.ఐ. యంత్రముతో చదువుదురన్న భయము నిరాధారము.

ఇక పరీక్షల సంగతి.

జర్మనీలోని ఫ్రైబర్గ్ నగరమున కోర్న్‌హూబర్, డీకె అను ఇరువురు 1965లో ఒక సంగతి ప్రకటించిరి. మనిషి తనంతట తాను చేతిని కదల్పబోవునప్పుడు, చేయి కదలుటకు ముందే తలపై విద్యుత్తు మెల్లమెల్లగా పెరుగుచుండును. విల్లు ఎక్కుపెట్టి నారి లాగినట్లు అది సన్నాహము. దీనికి సన్నాహవిద్యుత్తని పేరుపెట్టుకొందము.

సన్నాహము ముందు పుట్టుచున్నది, సరే. "ఇప్పుడు కదల్చెదను" అను సంకల్పము మనకు తెలియుట ఎప్పుడు? సన్నాహమునకు ముందా, తరువాతనా? ఈ ప్రశ్నను అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున బెంజమిన్ లిబెట్ అను శాస్త్రజ్ఞుడు పరీక్షకు పెట్టెను. ఎదుట ఒక గడియారము. దానిపై ఒక వెలుగుచుక్క 2.56 సెకనులకొక చుట్టు తిరుగుచుండును. కూర్చున్నవాడు తనకు తోచినప్పుడు మణికట్టు కదల్చవలెను. కదల్పవలెనని తనకు తోచిన క్షణమున చుక్క ఎచ్చటనున్నదో గుర్తుంచుకొని చెప్పవలెను. 1983లో ప్రకటించిన ఫలిత మిది. చేయి కదలుటకు సెకనులో అయిదవవంతు ముందు తమకు సంకల్పము కలిగినదని వారు చెప్పిరి. కాని సన్నాహవిద్యుత్తు అర సెకనునకు పైగా ముందే ఆరంభమైనది. అనగా, మనిషి "నేను నిశ్చయించితిని" అనుకొనుటకు సెకనులో మూడవవంతు ముందే మెదడు పనికి పూనుకొన్నట్లు తోచెను.

ఈ ఫలితము పండితలోకమున గొప్ప అలజడి కలిగించెను. తరువాత 2008లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున జాన్-డిలన్ హేన్స్, చున్ సియోంగ్ సూన్ మొదలగువారు 14 మందిని ఎం.ఆర్.ఐ. యంత్రములో పరుండబెట్టి, కుడిచేతి మీటనో ఎడమచేతి మీటనో తమకు తోచినప్పుడు నొక్కుమనిరి. తమ నిశ్చయము తమకు తెలియుటకు 7 సెకనులు ముందే, ఏ మీట నొక్కుదురో తెలుపు జాడ మెదడులో కనబడినదని వారు ప్రకటించిరి. రక్తము ఆలస్యముగా పారుటను లెక్కించినచో, ఆ జాడ పది సెకనులు ముందటిది కావచ్చును. 2011లో అమెరికాలో ఇట్జాక్ ఫ్రీడ్ మొదలగువారు, చికిత్సకొరకు తలలోపల తీగెలు అమర్పబడిన 12 మంది మూర్ఛరోగుల యనుమతితో నాడీకణములనే సూటిగా విని, 256 కణముల మాటనుబట్టి, రోగికి సంకల్పము తెలియుటకు సెకనులో పదింట ఏడువంతులు ముందే, నూటికి 80కి పైగా సరిగా చెప్పగలిగిరి.

ఇంతవరకు వినినవారికి, "ఇంక మనిషి చేతిలో ఏమున్నది?" అనిపించుట సహజము. తొందరపడక ఈ పరీక్షలను మనమే పరీక్షింతము.

మొదటిది లెక్క. 2008 నాటి పరీక్షలో జోస్యము సరిపడినది నూటికి ఇంచుమించు 60 మారులు. రెండే మార్గములున్న చోట కన్నులు మూసుకొని బొమ్మా బొరుసా వేసినను నూటికి 50 సరిపడును. యంత్రము గెలిచినది నూటికి పది మాత్రమే. 40 మారులు తప్పినది. ఆ పది మిథ్య కాదు. శాస్త్రజ్ఞునకు అది విలువగల జాడయే. కాని నూటికి 40 తప్పు చెప్పు దలారిని నమ్మి మీలో ఎవరైనను ఎద్దును కొందురా? ఫ్రీడ్ పరీక్షలోని 80 గొప్పదే గాని, అది తల తెరచి తీగెలుంచిన రోగులయందు, ఒక్క సెకనుకంటె తక్కువ ముందు దొరకినది.

రెండవది హేతువు. పొగను చూచి నిప్పుకలదనుట సరియైన ఊహ. కాని తెల్లవారుజామున చెరువుపై లేచిన మంచును పొగ యనుకొని నిప్పుకలదన్నచో అది హేత్వాభాసము. సన్నాహవిద్యుత్తు పొగయా, మంచా? 2012లో ఆరన్ షర్గర్ మొదలగువారు ఈ శంకనే లేవదీసిరి. మెదడులో విద్యుత్తు ఎల్లప్పుడును, చెరువులోని నీటి అలవలె, కారణము లేకయే పైకి క్రిందికి ఊగుచుండును. "నీకు తోచినప్పుడు కదల్చుము" అన్నప్పుడు మనిషికి ఈ క్షణమే కదల్పవలెనన్న కారణమేమియు లేదు. కావున ఆ అల ఏ క్షణమున కట్టకొమ్మును తాకునో ఆ క్షణమున చేయి కదలును. మనము కదలిన క్షణమునుండి వెనుకకు లెక్కించి చూతుము గావున, ప్రతిసారియు అల పెరుగుచు వచ్చినట్లే కనబడును. అది ముందుగా జరిగిన రహస్యనిశ్చయము కానక్కరలేదు. ఇదియే చివరిమాట యనను గాని, లిబెట్ పరీక్షకు ఒక్కటే అర్థమనుట ఇక చెల్లదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. మన తార్కికులు మనిషి చేయు పనికి మెట్లు చెప్పిరి. మొదట జ్ఞానము, తరువాత ఇచ్ఛ, ఆపై ప్రయత్నము, కడపట చేష్ట. ఆ జ్ఞానము ఎట్టిది? "ఇది నాకు మేలుచేయును, ఇది నాచేత కాగలదు" అను ఎరుక. కూతునకు సంబంధము చూచునప్పుడును, పొలము అమ్మునప్పుడును మనము మొదటి మెట్టుననే దినములు, నెలలు నిలుతుము. కుడి మీటయా, ఎడమ మీటయా అన్నచోట ఆ మొదటి మెట్టే లేదు. రెండింటిలో దేనివలనను మేలులేదు, కీడులేదు. అట్టి పనిని చూచి మనిషి నిర్ణయములన్నియు ఇట్టివే యనుట, గొంగళిలోని ఒక్క పోగును చూచి గొఱ్ఱె వయస్సు చెప్పినట్లుండును.

ఇది నా తర్కము మాత్రమే కాదు. 2019లో ఊరీ మావోజ్, లియాద్ ముద్రిక్ మొదలగువారు దీనినే పరీక్షించి చూచిరి. రెండు ధర్మసంస్థల పేర్లు చూపి, ఒక దానిని ఎన్నుకొనుమనిరి. ఒక వరుసలో, ఎన్నుకొన్న సంస్థకు నిజముగా 1,000 డాలర్లు ముట్టవచ్చును. కావున ఆలోచించి ఎన్నుకొనవలెను. వేరొక వరుసలో, దేనిని నొక్కినను రెండు సంస్థలకును సమానముగనే చెందును. కావున ఏదైనను ఒక్కటే. ఏదైనను ఒక్కటే అయినచోట సన్నాహవిద్యుత్తు లిబెట్ చూచినట్లే కనబడెను. ఆలోచించి నిర్ణయించినచోట అది కనబడలేదు. ఉన్నను మిక్కిలి స్వల్పము. మేలు కీళ్ళు విచారించి చేయు నిర్ణయమునకు, ఊరక వ్రేలు కదల్చుటకు మెదడులోనే భేదమున్నదని దీనివలన తోచుచున్నది.

అట్లయినచో మేలు కీళ్ళుగల విషయములలో యంత్రము ఏమియు చెప్పలేదా? చెప్పుచున్నది, ఆ వృత్తాంతము మరింత రుచికరమైనది.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున బ్రయన్ నట్సన్ మొదలగువారు 2007లో 26 మందికి కొంత సొమ్మిచ్చి, యంత్రములో పరుండబెట్టి, మొదట వస్తువును, తరువాత ధరను చూపి, కొందురా మానుదురా అని అడిగిరి. వస్తువు నచ్చినప్పుడు మెదడు లోతున, లాభాపేక్షకు సంబంధించిన ఒక భాగము చురుకుగా పనిచేసెను. ధర మితిమీరినదని తోచినప్పుడు, నొప్పి, ఏవగింపు మొదలగు బాధలయందు చురుకగు వేరొక భాగము మేల్కొనెను. సొమ్ము చెల్లించుట కూడ మెదడునకు ఒకవిధమైన నొప్పియే కాబోలు! ఈ రెండింటిని తూచి చూచి, వాడు కొనునో మానునో చెప్పగా, ఇచ్చటను సరిపడినది నూటికి ఇంచుమించు 60. మన సంతలోని దలారి ఇంతకంటె తీసిపోడు.

ఒకని విషయమున ఇంత బలహీనమైన జోస్యము, పదుగురి విషయమున బలపడుట చిత్రము. ఎమిలీ ఫాక్ మొదలగువారు లాస్ ఏంజెలెస్ నగరమున 2010లో 20 మందికి, ఎండవేడికి చర్మము చెడకుండ పూసికొను లేపనమును గూర్చిన హితబోధ వినిపించి, అప్పుడు మెదడును చూచిరి. తరువాతి వారములో ఎవరెంతగా ఆ లేపనము వాడిరో విచారింపగా, "వాడెదము" అని వారు నోట చెప్పినదానికంటె, నొసటివెనుక నడిమిభాగమున కనబడిన చురుకుదనము అదనముగా కొంత తెలుపగలిగెను. అదే పండితురాలు 2012లో పొగత్రాగుట మానదలచిన సుమారు 30 మందికి మూడు ప్రచారముల చిత్రములు చూపెను. ఏ ప్రచారము మంచిదని వారు నోట చెప్పిరో అది వేరు. వారి మెదడు దేనికి ఎక్కువగా స్పందించెనో అది వేరు. ఆ ప్రచారములు ప్రజలలో వెలువడిన తరువాత, పొగ మానుటకు సహాయము కోరుచు టెలిఫోను చేసినవారి సంఖ్య మెదడు చెప్పిన వరుసనే యుండెను గాని, నోరు చెప్పిన వరుసలో లేదు.

అట్లాంటా నగరమున గ్రెగరీ బెర్న్స్, సారా మూర్ అనువారు 2006లో 27 మంది బాలబాలికలకు, పేరులేని పాటగాండ్ర పాటలు 120 వినిపించి మెదడు చిత్రములు తీసియుంచిరి. 2010 వరకు ఆ పాటలెంత అమ్ముడుపోయినవో లెక్కించి 2012లో ప్రకటించిరి. "ఈ పాట నాకు నచ్చినది" అని పిల్లలిచ్చిన మార్కులకును అమ్మకమునకును సంబంధము లేదు. మెదడు లోతున కనబడిన చురుకుదనమునకును అమ్మకమునకును స్వల్పమే యైనను సంబంధము కలదు.

ఇందులోని నీతి యేమి? మనిషి నోటిమాటలో మర్యాద కలదు, సిగ్గు కలదు, నలుగురు ఏమనుకొందురో అను జంకు కలదు. మెదడులోని తొలి స్పందనకు ఆ ముసుగులు లేవు. ఊరి సభలో "మరుగుదొడ్డి కట్టించుకొందము" అని చేతులెత్తినవారందరును కట్టించుకొనరని మీరెరుగుదురు. చేతులు లెక్కించువానికంటె ముఖములు చూచువాడే సరిగా చెప్పును. ఒక్కొక్కని విషయమున తప్పిపోవు ఊహ, పలువురి సగటులో తప్పులు ఒకదానితో నొకటి కొట్టుకొని పోగా నిలుచును. కావుననే వర్తకులకు ఈ విద్యయందు మిక్కుటమైన ఆసక్తి కలిగినది. పొగాకు మాన్పించుటకు ఉపయోగించు ఈ విద్యనే పొగాకు అమ్ముటకును ఉపయోగింపవచ్చును. కత్తి వైద్యుని చేతనున్నను దొంగ చేతనున్నను ఒకే పదును గదా!

ఇక మూడవ ప్రశ్న: మనిషి బాధ్యత.

మనసులో ఒక కోరిక పుట్టుట మన వశము కాదని మన పెద్దలు ఏనాడో ఒప్పుకొనిరి. ఆకలి, కోపము, ఆశ అడుగకయే వచ్చును. వచ్చినదానికి లోబడుటయా, కాదనుటయా యన్నదే ప్రశ్న. లిబెట్ కూడ తన పరీక్షవలన మనిషి స్వాతంత్ర్యము పోయినదని చెప్పలేదు. సంకల్పము తెలిసిన తరువాత, చేయి కదలుటకు ముందు, "వలదు" అనుటకు కొంత వ్యవధి యున్నదని అతడు వాదించెను. ఈ మాటను బెర్లిన్ నగరమున హేన్స్, షుల్ట్సె-క్రాఫ్ట్ మొదలగువారు 2016లో ప్రకటించిన పరీక్షలో ఒక ఆటగా మార్చి చూచిరి. పచ్చదీపము వెలిగిన తరువాత తోచినప్పుడు కాలితో మీట నొక్కవలెను. ఎఱ్ఱదీపము వెలిగినచో నొక్కరాదు. కంప్యూటరు ఆటగాని సన్నాహవిద్యుత్తును కనిపెట్టి, వాడు నొక్కబోవుచున్నాడని తోచినంతనే ఎఱ్ఱదీపము వెలిగించును. యంత్రము మెదడులోని సన్నాహమును కనిపెట్టిన తరువాత కూడ, అనేక పర్యాయములు ఆటగాండ్రు తమ కాలిని నిలుపగలిగిరి. కదలుటకు సెకనులో అయిదవవంతు మిగిలియున్నంతవరకు వారికి ఆ శక్తి కలదు. ఆ రేఖ దాటిన తరువాతనే బాణము వింటిని విడిచినట్లు.

కావున మెదడులో సన్నాహము కనబడినంతమాత్రమున పని జరిగినట్లు కాదు. కల్లుపాక ముందు ఆగి, లోపలికి అడుగు వేయబోయి, ఇంటి సంగతి తలచుకొని వెనుదిరిగినవానిని ఎవడును త్రాగుబోతనడు, పైగా మెచ్చుకొందుము. యంత్రము వాని అడుగు వేయబోవుటను చూడగలదు. వెనుదిరుగుటను ముందుగా చూడజాలదు.

ఇది వట్టి వేదాంతచర్చ కాదు. మనదేశముననే దీనికి న్యాయస్థానములతో సంబంధము కలిగినది. ముందు చేయబోవు పనిని గాక, గతమున చేసిన పని జ్ఞాపకమున్నదా లేదా యని మెదడు విద్యుత్తునుబట్టి తేల్చుదుమని చెప్పు పరీక్షలను మన పోలీసువారు కొంతకాలము నేరపరిశోధనలో వాడిరి. 2008లో మహారాష్ట్రమందలి పుణె నగరమున ఒక హత్యాభియోగపు తీర్పులో అట్టి పరీక్షాఫలమునకు కూడ స్థానము కల్పింపబడెను. దేశవిదేశముల శాస్త్రజ్ఞులు పలువురు దీనిని ఆక్షేపించిరి. 2010 మే 5వ తేదీన మన సుప్రీముకోర్టు, సెల్వి మొదలగువారికిని కర్ణాటక రాష్ట్రమునకును నడచిన వ్యాజ్యములో, మనిషి ఇష్టములేక వానిపై మెదడు పరీక్షగాని, మత్తుమందిచ్చి మాటలాడించు పరీక్షగాని, అబద్ధమును పట్టుకొను యంత్రపరీక్షగాని చేయరాదని తీర్పు చెప్పెను. తనకు విరుద్ధముగా తానే సాక్ష్యమిచ్చునట్లు ఎవరిని నిర్బంధింపరాదను రాజ్యాంగసూత్రము నోటిమాటకే కాక మెదడునకును వర్తించునని దాని తాత్పర్యము. దక్షిణ అమెరికాలోని చిలీ దేశము 2021లో తన రాజ్యాంగమును సవరించి, మెదడు వ్యాపారమునకును, మెదడునుండి దొరకు సమాచారమునకును ప్రత్యేకరక్షణ కల్పించెను.

పెద్దలారా! ఇటుపై ఈ విద్య ఇంకను పెరుగును. యంత్రములు చిన్నవగును, చౌకయగును. "మీ పిల్లవాని మెదడు చూచి వాడు ఏ చదువునకు తగునో చెప్పెదము", "ఈ పనివాడు దొంగతనము చేయునో లేదో చెప్పెదము" అని యంత్రము పట్టుకొని ఊరికి వచ్చువారు ఉండకపోరు. అట్టివారు వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుడు. మొదటిది: పరీక్షకు లోనగువాడు మనఃపూర్వకముగా ఒప్పుకొనెనా? రెండవది: నూటికి ఎన్ని మారులు సరిపడును, బొమ్మా బొరుసా వేసినచో ఎన్ని సరిపడును? మూడవది: మీరు చూచినది పొగయా, మంచా? అనగా, అదే గుర్తు వేరొక కారణమున రాదని మీరెట్లు తెలిసికొంటిరి? ఈ మూటికి సూటిగా సమాధానము చెప్పలేనివానిని మజ్జిగ యిచ్చి సాగనంపుడు.

సత్యశోధనకై పనిచేయు శాస్త్రజ్ఞులను మాత్రము శంకింపకుడు. లిబెట్ చెప్పినదానిని షర్గర్ ప్రశ్నించెను; షర్గర్ చెప్పినదానిని మరియొకరు ప్రశ్నింతురు. పూర్వపక్షము, సిద్ధాంతము అను మన శాస్త్రమర్యాదయే అది. వారు మనకు నేర్పినది ఒక్కటి కలదు. తలపునకును చేష్టకును నడుమ ఒక సందు కలదు. అది సెకనులో అయిదవవంతునకు మించని చోట్లును కలవు; నెలలకొలది విచారించుటకు వీలైన చోట్లును కలవు. కోపము వచ్చినప్పుడు పది లెక్కింపుమని బిడ్డలకు మీరు చెప్పు మాట ఆ సందును వెడల్పు చేయుటకే. యంత్రములు జాడను చూచుగాక. ఆ సందులో నిలిచి ఔనో కాదో చెప్పవలసిన భారము మాత్రము నేటికిని మనిషిదే.